నాలుగున్నర ఎకరాలకు మొదటి ట్రాక్టర్: పరకాల వైపు ఒక కుటుంబం కేసు

2023 జనవరిలో ఒక సాయంత్రం హన్మకొండలోని నా షెడ్డుకు భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన భూపాలపల్లి గనుల్లో పనిచేసి సింగరేణి నుంచి రిటైరయ్యారు. ఊరు పరకాల దగ్గర. రిటైర్‌మెంట్ డబ్బుల్లో కొంత పక్కకు పెట్టి ట్రాక్టర్ కొనాలని నిర్ణయం చేసుకునే వచ్చారు. ఆయన నన్ను అడిగింది ఒక్కటే: "తమ్మీ, 45 హెచ్‌పీలో ఏ కంపెనీది మంచిగుంటది?"

ట్రాక్టర్ల రిపేర్ పనిలో ఇరవై ఏళ్లు దాటాయి నాకు. మొదట షోరూం సర్వీసులో, తర్వాత సొంత షెడ్డులో. కంపెనీ పేరు అడుగుతూ వచ్చేవాళ్లకు నేను వెంటనే పేరు చెప్పను. భూమి ఎంత, అందులో ఏమేం ఉన్నాయి, నిరుడు కిరాయి బండ్లకు ఎంత పెట్టారు అని అడుగుతాను. మొదటి రెండింటికి అన్న చెప్పారు. రెండెకరాలు మామిడి తోట, ఎకరంన్నర చెలకలో పత్తి, బావి కింద ఎకరం పొలం, ఏడాదికి రెండు పంటలూ వరి. మూడో ప్రశ్నకు ఆయన "ఓ ముప్పై వేలు కావచ్చు" అన్నారు. వదిన మాట్లాడకుండా సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి నా ముందు పెట్టారు.

ఆ నోటుబుక్కే ఈ కేసుకు ఆధారం. తేదీ, పని, ఎన్ని గంటలు, ఎంత ఇచ్చింది, ఎంత బాకీ అన్నీ వరుసగా రాసి ఉన్నాయి. దుక్కి, మట్టిని గుల్ల చేసే రొటవేటర్, వరి మడిలో దమ్ము కలిపి ఇరవై రెండున్నర గంటలు, గంటకు 1,200 చొప్పున 27,000. పత్తిలో ఎడ్ల గుంటుక ఆరుసార్లు, 9,000. పెంట తోలడానికి, పత్తిని ఎనుమాముల మార్కెట్‌కు, వడ్లను కొనుగోలు కేంద్రానికి వేయడానికి ట్రాలీ కిరాయి 9,000. మామిడికి మందు కొట్టించడం ఐదుసార్లు, 7,500. మొత్తం 52,500. అన్న అంచనాకు దాదాపు రెట్టింపు. అయినా బండికి, పనిముట్లకు కలిపి ఎనిమిది లక్షల పెట్టుబడి పెట్టడానికి ఇది చాలదు. ఆ మాట ఆ రోజే చెప్పాను.

అదే నోటుబుక్కులో జూన్ నెల పేజీలో డబ్బుతో సంబంధం లేని ఒక వరుస ఉంది. "ట్రాక్టర్ కోసం ఫోన్" అని రాసి తొమ్మిది తేదీలు. తొలకరి పడి పదును ఉన్న రోజుల్లో ఊరందరికీ ఒకేసారి బండి కావాలి. పదెకరాలవాళ్ల చెలక వదిలి ఎకరంన్నర దగ్గరికి ఏ డ్రైవరూ ముందుగా రాడు. వీళ్ల పత్తి పదకొండు రోజులు ఆలస్యంగా పడింది. గింజ పెట్టేసరికి పదును పోయి, మళ్లీ వాన కోసం చూడాల్సి వచ్చింది. ట్రాక్టర్ కొనాలన్న ఆలోచన ఆ తొమ్మిది ఫోన్లలోంచి పుట్టిందని నాకు అర్థమైంది. అది సరైన కారణమే. కానీ ఆ కారణానికి 45 హెచ్‌పీ జవాబు కాకపోవచ్చు.

మరుసటి ఆదివారం టేపు పట్టుకుని వాళ్ల భూమికి పోయాను. ఎవరు కొత్తగా బండి కొంటామన్నా ఇది చేయకుండా నేను సలహా ఇవ్వను. షోరూంలో బండి చుట్టూ తిరిగితే బండి సంగతి తెలుస్తుంది కానీ మన భూమి సంగతి తెలియదు.

డాంబర్ రోడ్డు నుంచి బావికాడికి పోయే బాట, పక్కవాళ్ల కంచెకు వీళ్ల గెట్టుకు మధ్య ఒకచోట 5 అడుగుల 10 అంగుళాలే ఉంది. 45 హెచ్‌పీ బండి వెనక ఆరడుగుల రొటవేటర్ కడితే అక్కడ దూరదు. మామిడి చెట్ల కింది కొమ్మలు నేల నుంచి 4 అడుగుల 8 అంగుళాల ఎత్తులో ఉన్నాయి. పెద్ద బండి మీద కూర్చుంటే డ్రైవర్ ఛాతీకి తగులుతాయి. పైకి నిలబడిన సైలెన్సర్ అయితే మొదటి రోజే కొమ్మకు తట్టుకుంటుంది. అందుకే అన్నేళ్లుగా చెట్ల మొదళ్ల చుట్టూ ఆరేడు అడుగుల మేర గడ్డి అట్లాగే ఉండిపోయేదని, దాన్ని కూలీలతో చెక్కించేవాళ్లమని వదిన చూపించారు. ఆ కూలి నోటుబుక్కులో వేరే పేజీలో ఉంది, మేం లెక్కలోకి తీసుకోనేలేదు.

పొలం చివర్లో బావి. గోడ లేదు. అంచు నుంచి నాలుగడుగుల దూరంలోనే దుక్కి సాళ్ల ఆనవాళ్లున్నాయి. వాన తర్వాత నానిన అంచు మీదికి ట్రాక్టర్ వెనక చక్రం వస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బండి ఏదైనా సరే, అది రావడానికి ముందే బావి చుట్టూ పన్నెండు అడుగుల దూరంలో సున్నం పూసిన రాళ్లు పాతాలని, వాటి లోపలికి చక్రం రాకూడదని చెప్పాను. అన్న వారం లోపే పాతించారు. ఈ కేసులో నేను ఇచ్చిన సలహాలన్నింటిలో దీని గురించే నాకు ఎక్కువ పట్టింపు.

పత్తి సాళ్లు మూడడుగుల దూరంలో ఉన్నాయి. ఇక్కడ చాలామంది పొరపడతారు. చిన్న ట్రాక్టర్ కదా, సాళ్ల మధ్య నడుస్తుంది అనుకుంటారు. నా మనసులో ఉన్న 24 హెచ్‌పీ తరగతి చిన్న బండిని ఎంత ఇరుకుగా సర్దినా వెనక చక్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకు 38 అంగుళాల దాకా ఉంటుంది. మూడడుగులంటే 36. పోనీ సాలును మధ్యలో పెట్టుకుని మీదుగా పోదామంటే చిన్న బండి కడుపు ఎత్తు తక్కువ, మొక్క అడుగు దాటితే విరుగుతుంది. కాబట్టి బండి కొంటే విత్తే పద్ధతి కూడా మారాలి. సాలుకు సాలుకు నాలుగడుగులు, మొక్కకు మొక్కకు రెండడుగులకు బదులు అడుగున్నర. ఒక్కో మొక్కకు వచ్చే జాగా అంతే, ఆరు చదరపు అడుగులు. బండికి ఇరువైపులా ఐదేసి అంగుళాలు దొరుకుతాయి. అప్పుడు కూడా మొదటి యాభై రోజులే. కొమ్మలు కలిశాక ఎడ్లో, కూలీలో రావాల్సిందే.

ఇంటికొచ్చి ఛాయ్ తాగుతుండగా అసలు వాదన మొదలైంది. అన్న కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్‌లో ఉన్నాడు. "అంకుల్, ఇంకో లక్ష వేస్తే పెద్ద బండే వస్తది కదా" అన్నాడు. ధర వరకు నిజమే. నాలుగు చక్రాలకు పవర్ ఉన్న 24 హెచ్‌పీకి, మామూలు రెండు చక్రాల 45 హెచ్‌పీకి అప్పట్లో తేడా అంతకంటే పెద్దగా లేదు. ఊళ్లో గౌరవం కూడా పెద్ద బండికే. ఆ మాటను నేను కొట్టిపారేయలేదు, ముప్పై ఏళ్లు భూమి లోపల పనిచేసి వచ్చిన మనిషికి ఇంటి ముందు బండి నిలబడటం చిన్న విషయం కాదు. నేను చెప్పింది ఇది: ఏడాదిలో ఏ పనికి కిరాయి బండి సమయానికి దొరకదో, ఏ పనికి అసలు దూరలేదో ఆ పనులకు సరిపోయే బండి కొనండి. ఎండాకాలపు లోతు దుక్కికి పెద్ద బండి కావాలి, కానీ అది ఏప్రిల్, మే నెలల్లో ఏ రోజైనా చేయించుకోవచ్చు, బండ్లు ఖాళీగానే ఉంటాయి. ఆ ఒక్క పనిని కిరాయికి వదిలేస్తే మిగతావన్నీ 24 హెచ్‌పీ చేస్తుంది.

వదిన అప్పుడే నోరు విప్పారు. "నడిపేది నేను గద. ఆయన నడుము గనిలనే పాయె." అప్పటిదాకా ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరు నడుపుతారని నేను అడగనూ లేదు. అది నా తప్పు. ఆ మాటతో క్లచ్ బరువు, మెట్టు ఎత్తు, సీటు దూరం కూడా లెక్కలోకి వచ్చాయి. పెద్ద బండి గురించి కొడుకు మళ్లీ మాట్లాడలేదు.

15 హెచ్‌పీ తరగతి కూడా చూశాం. స్వరాజ్ 717, మహీంద్రా యువరాజ్ 215 లాంటివి ధర తక్కువ, ఇరుకు సాళ్లలో చక్కగా తిరుగుతాయి. ఒక్క సిలిండర్, రెండు చక్రాల పవర్. తోట ఒక్కటే ఉంటే అదే చాలనేవాడిని. దమ్ముకు, ట్రాలీ బరువుకు చాలదనిపించింది. 24 హెచ్‌పీలో మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బి2441 రెండూ మడిలో చూశాం. జహీరాబాద్ ఫ్యాక్టరీలో తయారయ్యే మహీంద్రా ఓజా బండ్లు అప్పటికి మార్కెట్లోకి రాలేదు, ఆ ఏడాది ఆగస్టులో వచ్చాయి. ఏది కొన్నారో రాయడం వల్ల మీకు లాభం లేదు. మేం ఎంచుకున్నది కేవలం ఒక్క కారణంతో: పరకాలలో ఆ బండి తెలిసిన మెకానిక్, ఫిల్టర్లు, సీల్స్ దొరికే షాపు ఉన్నాయి. జూలైలో బండి ఆగితే పార్ట్ కోసం నాలుగు రోజులు ఆగలేం.

ఇక లెక్క. ట్రాక్టర్ రోడ్డు మీదికి వచ్చేసరికి 5,80,000. మూడున్నర అడుగుల రొటవేటర్ 78,000, ఐదు కొర్రుల కల్టివేటర్ 22,000, చిన్న ట్రాలీ 80,000, దమ్ముకు ఇనుప చక్రాలు 18,000, స్ప్రే పంపు, పైపులు 22,000. సరిగ్గా ఎనిమిది లక్షలు. షోరూంలో చెప్పేది మొదటి అంకె మాత్రమే, మిగతా 2,20,000 తర్వాత మీద పడుతుంది. పదేళ్లకు అన్నీ కలిపి 2,80,000కు అమ్ముడుపోతాయని పట్టుకుంటే ఏడాదికి అరుగుదల 52,000. సొంత డబ్బుకు, అప్పుకు కలిపి 9 శాతం వడ్డీ, సగటు పెట్టుబడి మీద 48,600. ఇన్సూరెన్స్, సర్వీసు, షెడ్డుకు 15,000. బండి కదలకపోయినా ఏడాదికి 1,15,600 పోతుంది.

కదిలితే వచ్చేదెంత? పెద్ద బండి గంటలో చేసే పనికి దీనికి గంటన్నర కావాలి కాబట్టి దీని గంట విలువ 1,200 కాదు, 800. డీజిల్, గ్రీజు, రిపేరు, నడిపే మనిషికి 350 తీసేస్తే మిగిలేది 450. అంటే ఏడాదికి 257 గంటలు నడిస్తేనే కిరాయితో సమానం. వీళ్ల నాలుగున్నర ఎకరాల పని ట్రాలీ, స్ప్రేతో సహా ఎంత లాగినా 83 గంటలు. పక్కనే ఉన్న అన్న తమ్ముడి ఐదెకరాలు, పత్తి, మిర్చి కలిపితే మొత్తం 165 వచ్చింది. ఇంకా 92 గంటలు బయట దొరకాలి. పెద్ద బండి దూరలేని తోటలు చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో అన్నను లెక్కపెట్టమన్నాను. ఏడు దొరికాయి. అప్పుడే సరే అన్నాను. తమ్ముడు కలిసిరాకపోతే, ఆ ఏడు తోటలు లేకపోతే వద్దనే చెప్పేవాడిని.

డబ్బులో సగం సొంతం, నాలుగు లక్షలు అప్పు. షోరూంలోనే కూర్చున్న ఫైనాన్స్ మనిషి 10 శాతం ఫ్లాట్ అన్నాడు, ఐదేళ్లు, ఆరునెలలకో కిస్తీ 60,000, అరగంటలో పని అయిపోతుంది. వాళ్లకు ఖాతా ఉన్న బ్యాంకు 11 శాతం చెప్పింది, భూమి కాగితాలు తనఖా పెట్టాలి, మూడు వారాలు పడుతుంది. వినడానికి 10 తక్కువ, 11 ఎక్కువ. కానీ ఫ్లాట్ అంటే సగం అప్పు తీరాక కూడా మొత్తం నాలుగు లక్షల మీద వడ్డీ కడుతూనే ఉంటాం. అసలు రేటు 16 శాతం దాటుతుంది. బ్యాంకు కిస్తీ దాదాపు 53,000 వచ్చింది. పది కిస్తీలకు తేడా 69,000 పైనే. రొటవేటర్ ధరకు తొమ్మిది వేలు తక్కువ, అంతే. కిస్తీ తేదీలు వడ్లు, పత్తి డబ్బులు చేతికొచ్చే నెలలకు పెట్టించుకున్నాం. సబ్సిడీ వస్తే మంచిదే, రాకపోయినా నిలబడేలా లెక్క వేశాం. ఇప్పుడు కొనేవాళ్లకు ఒక మేలు ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఐదు లక్షల మూల ధర బండి మీద అది 35,000.

కొనేముందు మన మట్టిలో నడిపి చూపించమని పట్టుబట్టండి. ఫిబ్రవరిలో ఎండిన చెలకలో కల్టివేటర్ దించితే కొర్రులు ఎగిరిపడ్డాయి, నేల గీరుకుపోయిందే కానీ తెగలేదు. అది బండి తప్పు కాదు, ఆ పని దానిది కాదు. నీళ్లు పెట్టి పదును వచ్చాక మళ్లీ దించాం. నేను వెనక టైరు మీద సుద్దతో గీత పెట్టి పది చుట్లు లెక్కపెట్టాను. బరువు లేకుండా పది చుట్లకు 32 మీటర్లు పోయింది. కల్టివేటర్ దించి రెండు చక్రాల పవర్‌తో 26 మీటర్లే. అంటే దాదాపు 19 శాతం చక్రం ఊరికే తిరిగింది, డీజిల్, టైరు వృథా. ముందు చక్రాలకు కూడా పవర్ ఇచ్చాక 28.5 మీటర్లు, జారుడు 11 శాతానికి దిగింది. నాలుగు చక్రాల పవర్‌కు ఎక్కువ డబ్బు ఎందుకు పెట్టాలని అన్నకు ఉన్న అనుమానం ఆ సుద్దగీతతో తీరింది. అదే లివర్‌ను డాంబర్ రోడ్డు ఎక్కగానే తీసేయాలి, లేకపోతే ముందు టైర్లు ఏడాదిలోనే అరుగుతాయి. ఈ మాట వదినతో మూడుసార్లు తిరిగి చెప్పించుకున్నాను.

ఉగాదికి బండి ఇంటికొచ్చింది. పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. రొటవేటర్ చూసి నాకు టెన్షన్ మొదలైంది. మేం మాట్లాడుకున్నది మూడున్నర అడుగులది, వచ్చింది నాలుగున్నర. "అదే ధరకు పెద్దది ఇస్తున్నం" అని షోరూంవాళ్లు చెప్పారట. ఇంజిన్ మీద 24 రాసి ఉన్నా వెనక పనిముట్లను తిప్పే పీటీఓ షాఫ్టు దగ్గరికి వచ్చేసరికి ఇంకా తగ్గుతుంది, నాలుగున్నర అడుగుల డ్రమ్మును తిప్పే సత్తా దానికి ఉండదు. మడిలో దించగానే నల్లపొగ, ఇంజిన్ మొర. గెట్టు ఎక్కేటప్పుడు వెనక బరువుకు ముందు చక్రాలు జానెడు పైకి లేచాయి. సీటులో వదిన ఉన్నారు. ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ఆమె కంగారు పడకుండా క్లచ్ తొక్కి, హైడ్రాలిక్‌తో రొటవేటర్‌ను నేలకు దించారు, ముందు చక్రాలు కిందికి వచ్చాయి. మార్పించుకోవడానికి నలభై రోజులు పట్టింది. కొటేషన్‌లో రొటవేటర్ అని మాత్రమే ఉంది, కొలత లేదు. అది రాయించుకోవాల్సింది నేనే. అప్పటి నుంచి ఎవరితో పోయినా అడుగులు, బ్లేడ్ల సంఖ్య, టైరు సైజు అన్నీ కాగితం మీద పెట్టించాకే అడ్వాన్సు ఇప్పిస్తున్నాను.

సైజు చిన్నదైతే మంచిదని కూడా కాదు. వెనక చక్రాల బయటి వెడల్పు 38 అంగుళాలు, రొటవేటర్ 42. చక్రం తొక్కిన జాడను రొటవేటర్ పూర్తిగా కప్పాలి. మూడడుగులది తెస్తే రెండు పక్కలా గట్టిపడ్డ చార మిగిలిపోతుంది.

వదిన అప్పటికే కారు లైసెన్సు తీసుకుని ఉన్నారు. నెల రోజులు పొద్దున్నే గంట చొప్పున నేర్చుకున్నారు. "స్కూటీ కంటే ఇదే నిదానం తమ్మీ" అని రెండో వారానికే అన్నారు. నేను పెట్టిన షరతులు రెండే. పీటీఓ తిరుగుతుండగా సీటు దిగొద్దు, దిగితే తాళంచెవి చేతిలో ఉండాలి. చీర కొంగు, చున్నీ షాఫ్టు దగ్గరికి రాకూడదు, చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకోవాలి. మన దగ్గర పత్తి ఏరే ఆడవాళ్లు ఎలాగూ అట్లాగే తొడుక్కుంటారు. మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టడం మాత్రం ఆ ఇంట్లో మాన్పించడానికి ఆరు నెలలు పట్టింది. పడితే ఇన్సూరెన్స్ కూడా రాదని కాగితం చదివి వినిపించాను. ఆ మాటకు కాక, పక్క ఊళ్లో జరిగిన ఒక ప్రమాదం విన్నాకే మానేశారు.

మొదటి ఏడాది మీటరు 188 గంటలు చూపించింది. 257కి అరవై తొమ్మిది తక్కువ. అంటే కిరాయితో పోలిస్తే దాదాపు 31,000 నష్టం. అన్నకు దాచకుండా చెప్పాను. రెండో ఏడాది 246. తోటల వాళ్లకు నమ్మకం కుదిరింది, మామిడి పూత సమయంలో స్ప్రే పనే ముప్పై గంటలు దాటింది. ఇంకా అటూ ఇటూగానే ఉంది, లాభమని చెప్పలేను. కానీ రెండేళ్లూ పత్తి పదునులోనే పడింది. జూన్ పేజీలో ఫోన్ల వరుస లేదు. చెట్ల మొదళ్లలో గడ్డి చెక్కే కూలి పోయింది. దమ్ములో బండి తేలిక కావడం కలిసొచ్చింది, పెద్ద బండ్లు దిగబడే మూల మడిలో కూడా ఇది తిరిగి వచ్చింది. దమ్ము అయిన ప్రతిసారీ ఇరుసు సీళ్ల దగ్గర బురద కడగకపోతే మాత్రం నీళ్లు లోపలికి పోతాయి. ఒకసారి పోయాయి కూడా, 4,200 ఖర్చు.

2025 అక్టోబర్ 29న మోంథా తుపాను వాన వరంగల్, హన్మకొండను ముంచిన రోజు వాళ్ల వడ్లు కల్లంలో ఉన్నాయి. మధ్యాహ్నం మబ్బు చూసి వదిన ట్రాలీ కట్టారు. కుప్పను సంచుల్లోకి ఎత్తుతూ, చీకటిపడే వరకు నాలుగు ట్రిప్పుల్లో బడి వరండాకు చేర్చారు. ఆ రోజు కిరాయికి ఊళ్లో ఒక్క బండీ దొరకలేదు. ఈ నాలుగు ట్రిప్పులు మీటరు మీద రెండు గంటలు కూడా కావు, నా లెక్కలో వాటి విలువ 900 రూపాయల లోపే. ఆ లెక్క అక్కడ తప్పని నాకు తెలుసు, కానీ దాన్ని ఎట్లా కట్టాలో నా దగ్గర పద్ధతి లేదు.

ఇప్పుడు తమ్ముడు తనకూ అలాంటి బండే కావాలని, జీఎస్టీ తగ్గింది కదా అని అంటున్నాడు. అన్నదమ్ముల గంటలు, బయటి తోటల గంటలు అన్నీ కలిపితేనే 246 అయ్యాయి. రెండో బండి వస్తే రెంటికీ సగం సగం. వద్దని చెప్పాను, దానికి బదులు మిర్చి సాళ్లలో కలుపు తీసే పవర్ వీడర్ ఒకటి చూడమన్నాను. ఒప్పుకోలేదు ఇంకా. వచ్చే ఆదివారం టేపు తీసుకుని వస్తానన్నాను, ఈలోపు నిరుటి కిరాయిల లెక్క రాసి పెట్టమన్నాను.